ప్రశ్నలు కొట్టేసి కాగితాల పేర్లు రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన సమాచార హక్కు దరఖాస్తు చదివాను. "మా వీధి సీసీ రోడ్డు ఏడాదికే ఎందుకు పగిలింది? బాధ్యులెవరు? వారిపై ఏం చర్య తీసుకుంటారు?" ఇవి గ్రామసభలో నిలబడి అడగాల్సిన ప్రశ్నలురా. దరఖాస్తులో రాస్తే, కోరినది సమాచారం కిందికి రాదని ఒక్క ముక్కలో తిప్పి పంపేస్తారు. 2005 చట్టం నీకిచ్చింది ఆఫీసులో ఉన్న రికార్డును చూసే హక్కు. రికార్డులో లేని సమాధానాన్ని కొత్తగా తయారు చేసి ఇవ్వక్కర్లేదని సుప్రీంకోర్టు కూడా 2011లో చెప్పింది.

అందుకని ఆ మూడూ కొట్టేయ్. ఏ ఆర్థిక సంవత్సరంలో, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా వేసిన రోడ్డో ముందు రాయి. ఆ పనికి సంబంధించిన మంజూరు ఉత్తర్వు, అంచనా, కాంట్రాక్టరుతో ఒప్పందం, ఎం బుక్‌లో (పని కొలతల పుస్తకం) ఆ పని ఎక్కిన పేజీలు, నాణ్యత పరీక్ష నివేదిక, చెల్లించిన బిల్లులు, వీటి ధ్రువీకరించిన నకళ్లు కోరు. అన్నిటికన్నా ఎం బుక్ ముఖ్యం. ఇంజనీరు కొలిచి రాసిన పొడవు, వెడల్పు, మందం అందులోనే ఉంటాయి. బిల్లు నడిచేది ఆ కొలతల మీదే. ఎం బుక్‌లో మందం 15 సెంటీమీటర్లని ఉండి, పగిలిన అంచున టేపు పెడితే 10 కూడా రాలేదనుకో, నీ "ఎందుకు"కి జవాబు అక్కడే దొరికింది. పనిలో వాడిన సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా ఈ చట్టంలో ఉంది, చాలామంది వాడుకోరు.

దరఖాస్తు సర్పంచ్ పేరున రాయకు. ఎన్నికైనవాళ్లు నిర్ణయం చేస్తారు, రికార్డు ఉండేది అధికారి దగ్గర. పంచాయతీలో అయితే పౌర సమాచార అధికారి, అంటే దరఖాస్తు తీసుకుని జవాబివ్వాల్సినవాడు, కార్యదర్శి. కానీ సీసీ రోడ్ల ఎం బుక్ చాలాచోట్ల పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ ఆఫీసులో ఉంటుంది, ముందు అది కనుక్కో. తప్పు ఆఫీసుకు ఇచ్చినా కొంప మునగదు, 5 రోజుల్లో సరైన చోటికి వాళ్లే బదిలీ చేయాలి. ఆ తిరుగుడులో కాలం మాత్రం పోతుంది.

ఫీజు మన తెలుగు రాష్ట్రాల్లో గ్రామస్థాయిలో లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. నగదు కడితే రసీదు తీసుకో. తెలుగులోనే రాయి, కారణం చెప్పొద్దు, అడిగే హక్కు వాళ్లకు లేదు. యువజన సంఘం లెటర్‌హెడ్ మీద కాకుండా పౌరుడిగా నీ పేరున ఇవ్వు. రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా బయటికి రాకు. గడువు లెక్కంతా ఆ తేదీతోనే.

30 రోజుల్లో ఇవ్వాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: నకళ్లకు పేజీకి ఇంత కట్టమని ఉత్తరం వస్తుంది, వీళ్లు పక్కన పడేస్తారు. ఆ ఉత్తరం పంపిన రోజు నుంచి నువ్వు డబ్బు కట్టే దాకా ఉన్న రోజులు గడువులో కలవవు. వెంటనే కట్టేయ్. గడువు దాటాక ఇస్తే మాత్రం నకళ్లు ఉచితం.

ఇవ్వకపోతే, సగం ఇచ్చినా సరే, ఆ తర్వాత 30 రోజుల్లోపు ఆ శాఖలోనే పై అధికారికి మొదటి అప్పీలు పెట్టు. తిట్లు వద్దు, ఏ కాగితం అడిగావు, ఏది రాలేదు, అంతే. ఆయన 30 రోజుల్లో, ఎంత సాగదీసినా 45లో తేల్చాలి. అదీ కాకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్లు. అక్కడ ఆలస్యం ఎక్కువే, ముందే తెలుసుకో. కారణం లేకుండా ఆపిన అధికారి మీద రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌ది. అది అధికారి సొంత జేబులోంచే పోతుంది కాబట్టి చాలా ఫైళ్లు అంతదూరం పోకుండానే కదులుతాయి.

కమిషన్ రోడ్డు వేయించదు, కాగితం ఇప్పిస్తుంది. అది చేతికొచ్చాక ఎం బుక్ నకలు, టేపుతో తీసిన ఫొటోలు జతచేసి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలో ఇవ్వు. అక్కడ కూడా రసీదు మరచిపోకు. కొత్తగా రాసిన చిత్తు ప్రతి నాకోసారి పంపి ఆ తర్వాతే ఆఫీసుకు వెళ్లు.

నీ బాబాయి