సాక్ష్యాల చట్టం ఇష్టమైతే సెషన్స్ కోర్టుకే వెళ్లండి

ప్రశ్న: ఎల్ఎల్‌బీ రెండో సంవత్సరం చదువుతున్నాను. అమెరికాలో క్రిమినల్ కేసు విచారణకు ముందే ఏ సాక్ష్యం చెల్లుతుందో జడ్జి తేల్చేస్తారట. ఆ వాదనల్లోనే పేరు తెచ్చుకోవాలని ఉంది. అక్కడికి వెళ్లి ఎల్ఎల్ఎం చేయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. అక్కడ నిజానిజాలు తేల్చేది జ్యూరీ. చెల్లని సాక్ష్యం వాళ్ల చెవిన పడకూడదు కాబట్టి జడ్జి ముందే విని పక్కన పెడతారు. మన దగ్గర జ్యూరీ లేదు, ఆ ఘట్టమూ విడిగా లేదు. అభ్యంతరాన్ని నమోదు చేసి, పత్రానికి తాత్కాలికంగా ఎగ్జిబిట్ (కోర్టు రికార్డులోని సాక్ష్యం) నంబరు వేసి, చివరి తీర్పులో తేల్చమని 2001లో బిపిన్ శాంతిలాల్ పాంచాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2021లో అదే కోర్టు ఆ మాటకు కట్టుబడనక్కర్లేదని, ప్రశ్నలపై అభ్యంతరాలను విచారణ సాగుతుండగానే, కుదరకపోతే ఆ సాక్షి వాంగ్మూలం ముగిశాక తేల్చాలని చెప్పింది. సోదా సక్రమంగా జరగలేదన్న ఒక్క కారణంతో సాక్ష్యాన్ని తోసిపుచ్చడమూ ఇక్కడ అరుదే.

అలాగని మీ ఇష్టానికి ఇక్కడ పని లేదనుకోకండి. మీరు చదివే ఉండాల్సిన పులుకూరి కోటయ్య కేసు గుంటూరు సెషన్స్ కోర్టులో మొదలై బ్రిటిష్ పాలనలో చివరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. ఒక ముద్దాయి పోలీసులతో చెప్పిన మాటల్లో ఈటెను, కర్రను వామిలో దాచాను, వస్తే చూపిస్తాను అన్నంత వరకే చెల్లింది. కొట్టి చంపామన్నది చెల్లలేదు. వస్తువు దొరకడానికి దారి చూపిన మాట వరకే చెల్లుతుందన్నది నేటికీ సూత్రం. కొత్త సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షన్ చూడండి. ఆ మాటలున్న పంచనామాను ప్రాసిక్యూషన్ మొత్తంగా మార్కు చేయించబోతుంటే (అంటే సాక్ష్యంగా రికార్డులోకి ఎక్కించబోతుంటే), చెల్లే వాక్యం వరకే చేయాలని లేచి అడగగలిగేవాడే అసలు క్రిమినల్ లాయరు.

ఫోను రికార్డులు, సీసీ కెమెరా దృశ్యాలు వచ్చాక ఈ పని ఇంకా పెరిగింది. ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డులకు అదే చట్టం 63వ సెక్షన్ కింద జతచేయాల్సిన ధ్రువపత్రంలో రెండు భాగాలుంటాయి: ఒకటి వాటిని దాఖలు చేసేవారు, రెండోది నిపుణుడు నింపాలి. అలాంటి ధ్రువపత్రం లేకుండానే మార్కు చేస్తుంటే మౌనంగా ఊరుకున్న లాయరును అప్పీలులో ఆ అభ్యంతరం ఎత్తనివ్వరని 2017 నాటి సుప్రీంకోర్టు సోనూ కేసు చెబుతోంది. పరీక్షలో మార్కులు పోతే మళ్లీ రాయవచ్చు, ఇక్కడ పోయేది కక్షిదారు జీవితం.

లాయరుగా ఎన్‌రోల్ అయ్యాక హైకోర్టు హోదా చూసి ఆశపడకుండా, సాక్షులను రోజూ క్రాస్ ఎగ్జామిన్ చేసే సెషన్స్ కోర్టు సీనియరు దగ్గర చేరండి. జడ్జి కావాలన్నా 2025 మే నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం మూడేళ్ల ప్రాక్టీసు తప్పదు, కాబట్టి ఆ కాలం వృథా కాదు. ఈ సెలవుల్లోనే ఎవరైనా సీనియరును అడిగి, తీర్పు వచ్చేసిన ఒక హత్య కేసు ఫైలు తీసుకోండి. వాంగ్మూలంలో చెల్లే వాక్యాల కింద పెన్సిలుతో గీతలు గీసి, ఆ తర్వాతే తీర్పు విప్పి సరిచూసుకోండి.