ఇన్వర్టరా, పెద్ద ఫ్రిజ్జా, ఏడాది బియ్యమా?

ప్రశ్న: మేము కర్నూలులో అద్దె ఇంట్లో ఉంటున్నాము. ఇద్దరు పిల్లలు. మావారి జీతం, నా కుట్టుపని కలిపి నెలకు 38,000 రూపాయలు వస్తాయి. ఖర్చు 30,000 దాకా అవుతుంది. బ్యాంకులో 60,000 ఉన్నాయి. మొన్నటి ఎండాకాలంలో కరెంటు పోయి పాలు, దోసెపిండి, కూరలు ఐదుసార్లు పారబోశాను. 28,000 పెట్టి ఇన్వర్టరు, వాయిదాల మీద 32,000కు పెద్ద ఫ్రిజ్జు తీసుకుందామని మావారు అంటున్నారు. ఆ డబ్బుతో ఏడాదికి సరిపడా బియ్యం, పప్పులు, బుడ్డలు (వేరుశనగ కాయలు) కొనిపెట్టుకొమ్మని మా అత్తమ్మ అంటున్నారు. ఊరి మిల్లులో కిలో 52కే ఇస్తారట, ఇక్కడి కంటే 4 రూపాయలు తక్కువ. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు పారబోసిన వాటి వెల ఎంతో మీ ఉత్తరంలో లేదు. ఒక్కోసారి 300 రూపాయల సరుకు పోయిందనుకున్నా ఐదుసార్లకు 1,500 అవుతుంది. ఇన్వర్టరు ధరలో బ్యాటరీ వాటా 15,000 అనుకుని, అది ఐదేళ్లు, యంత్రం పదేళ్లు పనిచేస్తాయని లెక్కవేస్తే, ఏడాదికి 4,300 రూపాయలు అరుగుదల కిందే పోతాయి. డిస్టిల్డ్ వాటరు, ఛార్జింగుకు అయ్యే కరెంటు దీనికి అదనం. 1,500 నష్టాన్ని ఆపడానికి ఏటా 4,300 ఖర్చు పెట్టమని నేను చెప్పలేను.

పైగా ఇన్వర్టరుతో ఫ్రిజ్జును నడపడం బ్యాటరీని వృథా చేయడమే. 12 వోల్టుల, 150 ఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యపు కొలత, ఆంపియర్ అవర్) బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్ల శక్తి ఉంటుంది; నష్టాలు పోను, బ్యాటరీని అడుగంటా తోడకుండా చూసుకుంటే మీకు దక్కేది సుమారు 1,200. రెండు ఫ్యాన్లు, రెండు ఎల్‌ఈడీ బల్బులు మాత్రమే వేసుకుంటే అది ఏడు గంటల దాకా వస్తుంది. ఫ్రిజ్జును కూడా దానికే తగిలిస్తే నాలుగు గంటల లోపే చేతులెత్తేస్తుంది. కంప్రెసరు మొదలైన ప్రతిసారీ మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటును గుంజుతుంది కనుక చిన్న ఇన్వర్టరు దాన్ని తట్టుకోలేకపోవచ్చు కూడా. అయితే తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్జు దానంతటదే సుమారు నాలుగు గంటలు చల్లదనాన్ని నిలుపుకుంటుంది. అంటే బ్యాటరీ ఇవ్వగలిగిన ఆ నాలుగు గంటలూ ఫ్రిజ్జుకు అసలు కరెంటే అక్కరలేదు.

ఈలోగా మీరు చేయదగినది ఖర్చులేని పని. రెండు లీటరు సీసాల్లో ముప్పావు వంతు నీళ్లు పోసి గడ్డ కట్టించి ఉంచండి. కరెంటు పోగానే ఒకదాన్ని పాల పక్కకు దించి, ఇక తలుపు ముట్టవద్దని పిల్లలకు చెప్పండి. నాలుగు గంటలు దాటితే పాలు, మాంసం, వండిన కూరలు వాడవద్దు. పచ్చళ్లకు ఏమీ కాదు, పెరుగు పులుస్తుంది అంతే. ఊరికి వెళ్లేటప్పుడు గిన్నెలో నీళ్లు గడ్డ కట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి వెళ్లండి. తిరిగి వచ్చేసరికి బిళ్ల అడుగుకు చేరి ఉంటే, మీరు లేనప్పుడు మంచు కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. ఎండాకాలంలో దోసెపిండిని వారానికి కాక రెండు రోజులకు సరిపడా రుబ్బుకుంటే సగం నష్టం అక్కడే ఆగిపోతుంది.

పెద్ద ఫ్రిజ్జు ఆలోచనను పూర్తిగా మానుకోమంటాను. అందులో ఎక్కువ పెట్టుకుంటారు, కరెంటు పోయినప్పుడు ఎక్కువే పారబోస్తారు. వడ్డీ లేని వాయిదాలని చెప్పినా, మొత్తం ఒకేసారి చెల్లిస్తే ఎంతకిస్తారో ఆ దుకాణంలోనే అడిగి చూడండి. 29,500 అని చెప్పారంటే, పన్నెండు వాయిదాల్లో మీరు కట్టబోయే అదనపు 2,500 వడ్డీయే. నెలనెలా బాకీ తగ్గుతూ పోతుంది కాబట్టి, అది ఏడాదికి దాదాపు 15 శాతం వడ్డీతో సమానం.

మీ అత్తగారి మాటలో బియ్యం విషయం నిజంగా లాభసాటి. మీ నలుగురికి ఏడాదికి 300 కిలోలు పడతాయనుకుందాం. కిలో 52 చొప్పున 15,600 అవుతుంది, కిలోకు 4 చొప్పున 1,200 మిగులుతుంది. తింటూ ఉంటే నిల్వ తరుగుతుంది గనుక, ఏడాది పొడవునా ఇరుక్కుని ఉండే సొమ్ము సగటున 7,800 మాత్రమే. దాని మీద 1,200 అంటే 15 శాతం దాటింది. ఏ బ్యాంకు డిపాజిట్టూ అంత ఇవ్వదు, పాత బియ్యంతో అన్నం పొడిపొడిగా కూడా వస్తుంది. కానీ 20 కిలోలకు పురుగు పట్టిందంటే ఈ లాభం దాదాపు అంతా ఊడ్చుకుపోతుంది. అందుకే మొదటి ఏడాది ఆరు నెలలకే తీసుకోండి. కొత్త పంట వచ్చే జనవరిలో కొని, నీడలో ఆరబెట్టి, మూత బిగువుగా ఉండే డబ్బాల్లో ఎండు వేపాకు వేసి పోయండి. కొందరు కలిపే బోరిక్ పౌడరు జోలికి పోవద్దు. దుకాణంలో కొనేటప్పుడు సంచి ధర కాక కిలో ధర చూడండి: 2022 జూలైలో 25 కిలోల వరకు ఉన్న లేబుల్ సంచుల మీద 5 శాతం జీఎస్టీ పెట్టినప్పటి నుంచి 26 కిలోల సంచులు వస్తున్నాయి.

మిగతా సరుకులకు ఈ లెక్క చెల్లదు. కందిపప్పును ఆముదం పట్టించి మూడు నెలలకు మించకుండా ఉంచుకోండి. బుడ్డలను కాయలతోనే నిల్వ చేయాలి. ఒలిచిన విత్తనాలు త్వరగా చెడు వాసన పడతాయి, బూజు పట్టినవాటిలో ఉండే అఫ్లాటాక్సిన్ విషం వేయించినా పూర్తిగా పోదు. ఇక మన ఊళ్లో ఖరీఫ్ ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) చవకగా దొరికినప్పుడు బస్తా కొని మూలకు వేయని ఇల్లు ఉండదేమో! ఆ పంటలో నీరు ఎక్కువ, నెల తిరగకుండానే కుళ్లు మొదలవుతుంది. నిల్వకు యాసంగి గడ్డలే మేలు.

2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలులోకి వచ్చినప్పుడు మా కింది గదిలోని మూడు బియ్యం బస్తాలు మునిగిపోయాయి. అటక మీది బొరుగులు, పుట్నాలు, బెల్లమే ఆ రోజుల్లో మాకు ఆహారం. అలాంటి సమయంలో మోటారు ఆడదు, నీళ్లు రావు. ఫోనులో డబ్బు చెల్లించడమూ కుదరకపోవచ్చు. ఒక నిండు నీళ్ల డ్రమ్ము, చిన్న నోట్లుగా 3,000 రూపాయలు ఇంట్లో ఉంచుకోండి.

కాబట్టి ఆ 60,000 కదిలించకండి. అది మీ రెండు నెలల ఖర్చు. కనీసం మూడు నెలలది, అంటే 90,000 ఉండాలి. నెలకు మిగిలే 8,000లో 4,500 అందులోకే చేర్చండి. జనవరి బియ్యానికి అందులోంచి 7,800 తీస్తే, ఆ తర్వాత బియ్యం కొనే పని లేక మిగిలే సొమ్మును నెలనెలా తిరిగి వేయండి. తక్కిన 3,500 చొప్పున ఈ జూలై నుంచి వేరే రికరింగ్ డిపాజిట్టులో వేస్తే ఫిబ్రవరి చివరికి 28,000 అవుతుంది. రాత్రుళ్లు ఉక్కపోతకు పిల్లలు నిద్రపోలేకపోతున్నారంటే, ఆ డబ్బుతో ఇన్వర్టరు నిశ్చింతగా కొనుక్కోండి; అది సుఖానికి పెట్టే ఖర్చని ఒప్పుకుని కొంటే తప్పేమీ లేదు. రాయితీ సోలారు వేయించుకొమ్మని ఎవరైనా చెప్పవచ్చు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రాయితీ ఉన్న మాట నిజమే, కానీ మీది అద్దె ఇల్లు. అదీ కాక, బ్యాటరీ లేని సోలారు లైన్లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది.

ఇన్వర్టరును ఏప్రిల్ రద్దీకి ముందే, ఫిబ్రవరిలోనే బేరమాడండి. బ్యాటరీ మీద తయారైన నెల చూడండి, ఆరు నెలలు దుకాణంలో పడి ఉన్నదైతే వేరేది అడగండి. వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర వేయించుకున్నాకే డబ్బు చెల్లించండి.