ఎన్నారై సందేహాలు: లండన్ షాపులో 'బ్లాక్ టీ' అంటే పాలు లేని టీ కాదు

"అక్కా, సెప్టెంబర్‌లో ఎమ్మెస్సీకి లండన్ వెళ్తున్నా. మాది సీతమ్మధార. అక్కడ షాపుల్లో అన్నీ బ్లాక్ టీలేనట, పాలు పోసుకునే టీ దొరకదట. అమ్మ రెండు కిలోల టీపొడి సూట్‌కేసులో సర్దేసింది. అవసరమా?"

తమ్ముడూ, పావు కిలో ఉంచి మిగతాది బయటికి తీసేయ్. ఆ జాగాలో ఆవకాయ సర్దుకో, బాగా సీలు వేయించి.

మన జగదాంబ సెంటర్‌లో బ్లాక్ టీ అంటే పాలు పోయని డికాషన్. లండన్‌లో డబ్బా మీద ఆ మాట ఉంటే అది ఆకు గురించి. కోసిన ఆకును వాడబెట్టి, నలిపి, గాలికి ఉంచితే గోధుమరంగుకి తిరుగుతుంది. అప్పుడు వేడిగాలితో ఆరబెడతారు. అదీ బ్లాక్ టీ. రంగు తిరగకముందే వేడి పట్టిస్తే గ్రీన్ టీ. మొక్క మాత్రం ఒక్కటే. అంటే మీ అమ్మగారు సర్దిందీ బ్లాక్ టీయే! చైనావాళ్లు కప్పులో రంగు చూసి దీన్ని ఎర్ర టీ అంటారు.

సెలవులకి వచ్చి, ఎంవీపీ కాలనీలో అమ్మావాళ్లింట్లో కూర్చుని ఇది రాస్తున్నా. మొన్న ఓ ఘనకార్యం జరిగింది. నాన్నగారి కోసం లండన్‌లో ఖరీదు పెట్టి కొన్న డార్జిలింగ్ టీ డబ్బా తెచ్చాను. (మన దేశం ఆకు అంత దూరం పోయి మళ్లీ వైజాగ్ వచ్చింది, నవ్వుకో.) నేను స్నానానికి వెళ్లొచ్చేలోపు అమ్మ దాన్ని అల్లం, పాలు వేసి కుతకుతా మరిగించేసింది. నాన్నగారు ఒక్క గుక్క తాగి, "ఏటమ్మా ఇది? గడ్డి నానబెట్టిన నీళ్లలా ఉంది" అన్నారు.

తప్పు టీది కాదు, అమ్మదీ కాదు. రెండు డబ్బాల్లోంచీ చెంచాడు చెంచాడు తీసి పళ్లెంలో పోసి చూపించాను. అమ్మ వాడే పొడి ఆవగింజల్లా గుండ్రంగా, నల్లగా ఉంది. డార్జిలింగ్ ఆకు సన్నగా మెలితిరిగి, అక్కడక్కడా పచ్చగా ఉంది. ఆ గుండ్రటి రకాన్ని సీటీసీ అంటారు. పళ్లున్న రోలర్ల మధ్య ఆకును నలిపి, చీల్చి, చుట్టేస్తారు. 1930లో అస్సాంలో విలియం మెకర్చర్ ఈ యంత్రం పెట్టాడు. ఆకు అంతలా చితికిపోతుంది కాబట్టి రంగూ వగరూ గబగబా దిగుతాయి. పాలు, పంచదార, అల్లం ఎంత పడ్డా తట్టుకునేది అదే.

కాబట్టి ఊరి పేరుతో పాటు పొడి ఆకారం కూడా చూసి కొను. బ్రహ్మపుత్ర లోయలో పెరిగే పెద్దాకు అస్సాం టీ మనకి నప్పుతుంది. కెన్యాలో 1903లో లిమూరులో తేయాకు మొక్కలు నాటారు, ఇప్పుడు అక్కడ తయారయ్యేది ఎక్కువగా సీటీసీయే. బ్రిటిష్ సూపర్‌మార్కెట్లలో మామూలు టీ బ్యాగుల్లో ఈ రెండూ బాగా కలుస్తాయి. ఇండియన్ షాపు దూరమైతే రెండు బ్యాగులు చింపి గిన్నెలో పోసి మరిగించుకో, ఎవరూ ఏమీ అనరు.

'ఇంగ్లీష్ బ్రేక్‌ఫాస్ట్' టీ అనేది ఏ ఊరిదీ కాదు, కలగలుపు. 'ఆరెంజ్ పెకో'లో నారింజ ఉండదు, అది ఆకు గ్రేడు పేరు. ఎర్ల్ గ్రే టీకి మాత్రం బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు నూనె పట్టిస్తారు. దాన్లో అల్లం, పాలు వేశావో, బత్తాయి తొక్క ఉడికించినట్టే. చేసి చూసి చెబుతున్నా. చైనా వూయీ కొండల లాప్‌సాంగ్ సూచాంగ్‌ని పైన్ కట్టెల పొగలో ఆరబెడతారు, కట్టెలపొయ్యి మీద కాగిన నీళ్ల వాసన వస్తుంది. నాకు నచ్చదు.

సిలోన్ టీ కథ మాత్రం అరకు కాఫీ తాగే మనం తెలుసుకోవాలి. అక్కడ ముందు కాఫీ తోటలే ఉండేవి. ఆకు తుప్పు తెగులు వాటిని తినేసింది. అంతకుముందే 1867లో జేమ్స్ టేలర్ లూల్‌కండెరాలో తేయాకు తోట వేశాడు, ఆ తర్వాత దీవి దీవంతా దాని బాట పట్టింది. కొండ మీద నువర ఎలియ టీ తేలిగ్గా ఉంటుంది, పల్లపు ప్రాంతాలది చిక్కగా ఉంటుంది. మనకి పల్లపుదే.

డార్జిలింగ్‌లో ఎక్కువగా చైనా రకం చిన్నాకు మొక్కలే. మార్చి, ఏప్రిల్ కోత ఫస్ట్ ఫ్లష్, మే, జూన్‌ది సెకండ్ ఫ్లష్. ఏదైనా సరే మరిగించకూడదు. వేడినీళ్లు పోసి మూడు నిమిషాలు ఉంచి వడగట్టాలి.

పాలు కొనేటప్పుడు నీలం లేబులువే తీసుకో, వెన్న తియ్యనివి అవే. ఎర్ర లేబులువి వెన్న తీసేసినవి, వాటితో టీ నీళ్లే. లండన్ నీళ్లు గట్టివి, టీ మీద తెట్టు కడితే పాలు విరిగాయని కంగారుపడకు. ఫిల్టర్ జగ్ కొనుక్కుంటే పోతుంది.

నిన్న సాయంత్రం ఆ డార్జిలింగే సరిగ్గా కాచి, పాలు లేకుండా నాన్నగారికి ఇచ్చాను. వాసన చూసి, రెండు గుక్కలు తాగి, బాగుందన్నట్టు తలూపారు. తర్వాత కప్పు నా వైపు జరిపి, "పాలెప్పుడు పోస్తావమ్మా?" అన్నారు.