శాలువా వద్దు, పద్దు కావాలి

అమ్మా, ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ కళాభవనానికి మున్సిపాలిటీ ఏటా ఇచ్చే నిధికి వచ్చే బడ్జెట్లో కోత పడుతోందని, మీ కుర్రాళ్లు వెంటనే ధర్నాకు కూర్చుందామంటున్నారని రాశావు. కూర్చోవచ్చు, తప్పేమీ లేదు. కానీ శిబిరం దగ్గరికి వచ్చిన విలేకరి "అసలు ఎంత తగ్గించారు?" అని అడిగితే మీలో ఎవరు జవాబు చెబుతారు? నాలుగు పేజీల నీ ఉత్తరంలో కళ గొప్పతనం గురించి చాలా ఉంది, అంకె ఒక్కటి కూడా లేదు.

ముందు ఆ సంగతి తేల్చుకో. తగ్గించింది మీ నాటక సమాజానికి ఇచ్చే వార్షిక సహాయమా, హాలు అద్దెలో రాయితీయా, కరెంటు బిల్లా, కాపలాదారు జీతమా? అన్నీ ఒకే పద్దులో ఉండవు. ఒకటి పోయిందంటే అన్నీ పోయాయని గగ్గోలు పెడితే అధికారి ముందు తేలిపోతారు. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజు కట్టి దరఖాస్తు పెట్టు. అందులో "ఎందుకు తగ్గించారు?" అని మాత్రం రాయకు. సంజాయిషీ ఇవ్వమని ఆ చట్టం చెప్పదు, దగ్గరున్న కాగితం ఇవ్వమని చెబుతుంది. గత మూడేళ్లలో ఆ పద్దుకు ఎంత కేటాయించారు, ఎంత విడుదల చేశారు, కోతకు సంబంధించిన ఫైలు నోట్ల నకళ్లు ఇవ్వండి అని అడుగు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు వేయి. బడ్జెట్ పుస్తకంలో ఉండి కూడా మీ చేతికి రాని సొమ్ము కొంతైనా బయటపడుతుందని నా అనుమానం. అలా బయటపడితే మీరు అడిగే ప్రశ్నే మారిపోతుంది.

ఇక తేదీలు. మన నాటకాల వాళ్లకు మార్చి 27న, ప్రపంచ రంగస్థల దినోత్సవం నాడు, ఎక్కడ లేని ఆవేశం వస్తుంది. ఆర్థిక సంవత్సరం 31తో ముగుస్తుంది. ఆ నాలుగు రోజుల్లో ఎంత గొంతు చించుకున్నా వినేవాడు ఉండడు, లెక్కలన్నీ అప్పటికే కుదిరిపోయి ఉంటాయి. చలికాలంలో ప్రతిపాదనలు తయారవుతున్నప్పుడే వెళ్లాలి. అందరూ చైర్‌పర్సన్ గది ముందు నిలబడతారు. నువ్వు మాత్రం అకౌంట్స్ విభాగానికి వెళ్లు. నిరుడు రాసిన వరుసను ఈ ఏడాది ఉంచాలా, కొట్టేయాలా అన్నది మొదట ఆ బల్ల మీదే తేలుతుంది. అక్కడి ఉద్యోగితో మర్యాదగా మాట్లాడు, ఆయన శత్రువు కాడు.

కమిషనర్ కష్టం కూడా తెలుసుకుని వెళ్లు. జీతాలు, వీధిదీపాల బిల్లులు, నీళ్లు, చెత్త ఎత్తడం, ఇవన్నీ తప్పించుకోలేని ఖర్చులు. 2019 తెలంగాణ పురపాలక చట్టం ప్రకారం బడ్జెట్లో 10 శాతం మొక్కలకు కేటాయించాలి. ఇవన్నీ పోగా మిగిలిన దాంట్లోంచే మనకు రావాలి. పారిశుద్ధ్య కార్మికుల జీతం ఆపి మాకివ్వండి అన్నట్టు ఒక్క మాట దొర్లినా ఊరు మీ వైపు ఉండదు, ఉండకూడదు కూడా.

కౌన్సిలర్ల దగ్గర "కళలు బతకాలి" అని మొదలుపెట్టకు. బతకాలని అందరూ అంటారు, అంటూనే బయటికి సాగనంపుతారు. హాలు రిజిస్టరు తీసి ఏడాదిలో అక్కడ జరిగినవన్నీ రాయి: పాఠశాలల వార్షికోత్సవాలు, కవి సమ్మేళనాలు, సంతాప సభలు, ఉద్యోగుల శిక్షణ తరగతులు. నాటకం నేర్చుకోవడానికి వచ్చే పిల్లల పేర్లను వార్డుల వారీగా విడగొట్టు. "మీ వార్డు నుంచి ఇంతమంది పిల్లలు వస్తున్నారు" అంటే వినని కౌన్సిలర్‌ను నేనింతవరకు చూడలేదు. వార్డు కమిటీలు మీ ఊళ్లో పేరుకైనా ఉంటే మహిళల కమిటీ, వయోవృద్ధుల కమిటీ చేత ఒక్కో వినతిపత్రం ఇప్పించు. సోమవారం ప్రజావాణిలో కూడా ఒక అర్జీ పెట్టి రసీదు దాచు. దానితోనే పని అవుతుందని కాదు, రేపు "మా దృష్టికి రాలేదు" అనే వీలు లేకుండా ఉంటుంది.

పత్రికల వాళ్లకు ప్రకటనలు పంపితే ఏ మూలో రెండు వరుసలు వేస్తారు. మనిషిని చూపించు. మా దగ్గర దుర్యోధనుడి వేషం కట్టే ఆయన పగలు టైలరు. కొలతల టేపు మెడలో అలాగే వేసుకుని రిహార్సల్‌కు వస్తాడు. పద్యం ఎత్తుకునే ముందు దాన్ని తీసి, వేలికి చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుంటాడు. ఆ తర్వాత ఆయనను టైలరని ఎవరూ అనలేరు. మీ పాలమూరు ప్రాంతంలో ఇలాంటి వాళ్లకు కొదవా?

జెండాలతో జాగ్రత్త. మా నల్లగొండలో కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి వారసత్వం ఉంది. నాటకం అనగానే ఏ పార్టీదని అడిగే అలవాటు కూడా దానితోనే వచ్చింది. మీ వేదిక మీద ఒక పార్టీ నాయకుడు మాట్లాడితే మిగతా పార్టీల వాళ్లనూ అదే రోజు, అదే వరుసలో కూర్చోబెట్టు.

అసలు ప్రమాదం ఇది. గొడవ కాస్త పెద్దదయ్యాక మిమ్మల్ని పిలుస్తారు, శాలువా కప్పుతారు, ఫొటో దిగుతారు, "కళాకారులకు మా ప్రభుత్వం అండ" అంటారు. మీ సమాజంలో సగం మంది అక్కడే కరిగిపోతారు. నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో నిర్మాణ పనుల్లో కూలీగా కనిపించారని పత్రికలన్నీ రాశాయి. ఆ స్థాయి మనిషికే గౌరవం బువ్వ పెట్టలేకపోతే మన శాలువా ఎంత? కప్పితే కప్పించుకోండి, మర్యాదకు లోటు చేయవద్దు. "పద్దు సంగతి తీర్మానంలో ఎప్పుడు రాస్తారు?" అని మాత్రం ఆ శాలువాతోనే నిలబడి అడగండి. తీర్మానం నంబరు, మొత్తం, విడుదల తేదీ చేతికి వచ్చాకే శిబిరం ఎత్తండి.

ఇంకో ఎర కూడా వేస్తారు: ఎంపీ నిధులతో కొత్త హంగులు చేయిస్తామంటారు. ఆ నిధులు శాశ్వత ఆస్తులకే, నెలనెలా వచ్చే బిల్లులకు, జీతాలకు పనికిరావు. పైకప్పు కురుస్తుంటే తీసుకోండి, కానీ ఏటా ఇచ్చే నిధికి ఇది బదులు అంటే ఒప్పుకోవద్దు. "పెళ్లిళ్లకు అద్దెకిచ్చుకోండి" అనే సలహా కూడా వస్తుంది. ఇచ్చుకోవచ్చు. అయితే ముహూర్తాల నెలల్లో రిహార్సల్స్‌కు చోటు ఉండదు, వంట పొగకు తెరలు నల్లబడతాయి, రెండేళ్లలో అది ఫంక్షన్ హాలు అయిపోతుంది. వారంలో ఏ రోజులు నాటకానివో ముందే కాగితం మీద రాయించుకో.

చివరగా మీ ఇల్లు చూసుకోండి. సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితాలు, కమిటీ జాబితా, ఆడిట్ లెక్కలు సరిగ్గా ఉన్నాయా? కంపెనీల సామాజిక బాధ్యత నిధులు కళలకు కూడా ఇవ్వవచ్చని 2013 కంపెనీల చట్టంలోనే ఉంది, కానీ లెక్కలు లేని సమాజానికి ఎవరూ రూపాయి ఇవ్వరు. అంతకంటే ముందు, మీరు అకౌంట్స్ విభాగంలో కూర్చుని లెక్కలు అడిగిన మరుసటి రోజే వాళ్లు మీ లెక్కలు అడుగుతారు. పాత రసీదు పుస్తకాలు ఎవరి ఇంట్లో ఏ అటక మీద ఉన్నాయో ఈ ఆదివారమే వెతికించు.

అర్జీ ముసాయిదా రాసి పంపు. ఒక పేజీ దాటితే కొట్టేస్తాను, భరతముని ప్రస్తావన ఉంటే అది కూడా కొట్టేస్తాను.

ఇట్లు,
నల్లగొండ నుంచి మీ పెద్దాయన