అరచేతి కాయలు, ముందే అలిసిపోయే పట్టు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చేతుల గురించే. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి, కెటిల్‌బెల్ పట్టుకునే చేతికే ఈ పేజీ మొత్తం ఇచ్చేశాను. కొత్తవాళ్ల కోసం ఒక్క మాట: కెటిల్‌బెల్ (బెల్ అన్నా అదే) అంటే పైన పిడి, అంటే హ్యాండిల్, ఉన్న గుండు లాంటి బరువు. దాన్ని కాళ్ల మధ్య నుంచి ముందుకు ఊపడం స్వింగ్, ఒంటి చేత్తో ఒకే ఊపులో తల పైకి తీసుకెళ్లి నిలపడం స్నాచ్.

ప్రశ్న: అక్కా, ఆరు నెలలుగా 16 కిలోల కెటిల్‌బెల్‌తో సాధన చేస్తున్నాను. స్వింగ్ చేసినన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. స్నాచ్ మొదలుపెట్టి నెల తిరక్కుండానే ఉంగరపు వేలి మొదట్లో కాయ కట్టింది. మొన్న అది చర్మంతో సహా లేచి వచ్చేసింది. మా జిమ్‌లో సీనియర్ ఒకాయన "మంచిదే, చెయ్యి గట్టిపడుతోంది" అన్నారు. నిజమేనా? – పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: నిజం కాదు తమ్ముడూ. కాయ కట్టడం సహజం. అది చిరిగిందంటే మాత్రం హ్యాండిల్ ఉండకూడని చోట ఉందని అర్థం. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కెటిల్‌బెల్ పోటీల్లో స్నాచ్ సెట్ 10 నిమిషాలు ఉంటుంది. మధ్యలో బరువు కింద పెట్టకూడదు, చెయ్యి ఒక్కసారే మార్చుకోవాలి. 31 ఏళ్ల వయసులో నేను 12 కిలోలతో ఆ సెట్ సాధన చేస్తుంటే, ఆరో నిమిషంలో కుడి అరచెయ్యి రెండు చోట్ల చిరిగింది. పంతానికి పోయి ఎడమ చేత్తో కొనసాగించాను, అదీ చిరిగింది. తర్వాత రెండు వారాలు తల రుద్దుకోలేకపోయాను, తాళం తిప్పలేకపోయాను.

చేతులు మానాక మా కోచ్ నన్ను కూర్చోబెట్టి నా అరచేతిలో బాల్‌పెన్‌తో రెండు గీతలు గీశారు. ఒకటి నాలుగు వేళ్లకూ అడ్డంగా, మధ్య కణుపులకు కాస్త దిగువన. రెండోది బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య సందు నుంచి చిటికెన వేలి వైపు అరచేతి మడమ దాకా, ఏటవాలుగా. "బరువు వేలాడుతున్నప్పుడు హ్యాండిల్ మొదటి గీత మీద, తల పైన నిలబడినప్పుడు రెండో గీత మీద. వీటి మధ్య ఉన్న మెత్తటి ఉబ్బుల మీద అది ఆగకూడదు" అన్నారు. మీ కాయ లేచింది సరిగ్గా ఆ ఉబ్బుల మీదే.

నీళ్ల బకెట్ మోసేటప్పుడు చూడండి, పిడి అరచేతిలోకి రాదు, వేళ్ల కొక్కెంలో వేలాడుతుంది. స్వింగ్‌లోనూ అంతే. గట్టిగా ఉండాలని హ్యాండిల్‌ని అరచేతి లోపలికి లాక్కుని పిడికిలి బిగిస్తే వేళ్ల మొదట్లో చర్మం మడత పడుతుంది. కిందికి వచ్చే ఊపులో 16 కిలోల బెల్ చేతిని 16 కిలోలకు మించి లాగుతుంది. ఆ లాగుడంతా మడత మీదే పడుతుంది. స్వింగ్‌లో హ్యాండిల్ చేతిలో పెద్దగా తిరగదు కాబట్టి తప్పు పట్టుతో కూడా నెట్టుకు రావచ్చు. స్నాచ్‌లో హ్యాండిల్ చేతిలో తిరిగి తీరుతుంది. స్వింగ్‌లో బయటపడని తప్పు స్నాచ్‌లో బయటపడడానికి కారణం అదే.

కాబట్టి స్నాచ్‌ని రెండు ముక్కలుగా చూసుకోండి. పైకి వెళ్లేటప్పుడు, బెల్ నుదుటి ఎత్తుకు వచ్చేసరికి వేళ్లు వదులు చేసి చేతిని హ్యాండిల్ లోపలికి దూర్చాలి. బెల్ చేతి చుట్టూ గిర్రున తిరిగి ముంజేతి మీద ధన్‌మని పడుతోందంటే దూర్చడం ఆలస్యమైందన్నమాట. అసలు చేతులు చిరిగేది ఎక్కువగా దిగేటప్పుడే. పైనుంచి వదిలేటప్పుడు భయంతో పిడికిలి బిగిస్తాం. అప్పుడు హ్యాండిల్ రెండో గీత నుంచి మొదటి గీతకు జారుతూ దారిలో ఉన్న ఉబ్బులను చీరుకుంటూ పోతుంది. అలా కాకుండా నడుము పైభాగం కాస్త వెనక్కి వాల్చి, బెల్‌ని ఒంటికి దగ్గరగా పడనివ్వండి. చెయ్యి దాదాపు చాచుకునేదాకా వేళ్లు వదులుగానే ఉంచి, చివర్లో కొక్కెంలా అందుకోండి. మొదట్లో చేతిలోంచి పోతుందేమో అనిపిస్తుంది. 8 కిలోలతో, చేతికి అయిదు చొప్పున, ముందు ఎవరూ లేని చోట, బెల్ పడినా పాడవని నేల మీద నేర్చుకోండి. రెండు వారాలు 16 జోలికి వెళ్లకండి. దయచేసి ఈ మాట వినండి, బరువు తగ్గించడానికి మనసొప్పక మూడోసారి చేతులు చింపుకున్నవాళ్లని చూశాను.

ఇక ఇప్పుడున్న గాయం సంగతి. సబ్బు, పారే నీళ్లతో కడగండి. వేలాడుతున్న చచ్చిన చర్మం ఉంటే శుభ్రమైన కత్తెరతో కత్తిరించండి, పీకకండి. ఇంకా అంటుకుని ఉన్న పొర గాయానికి కప్పు, దాన్ని అలాగే ఉంచండి. పల్చగా పెట్రోలియం జెల్లీ రాసి, అంటుకోని కట్టు వేసి, రోజూ మార్చండి. చుట్టూ ఎర్రబడి వేడిగా ఉన్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. చివరిసారి టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే అదీ అడగండి. కొత్త చర్మం నొక్కితే నొప్పి లేకుండా ఉండేదాకా ఆ చేత్తో స్వింగ్, స్నాచ్ వద్దు.

ప్రశ్న: మేడమ్, నా చేతులకు చెమట చాలా ఎక్కువ. అయిదు స్వింగ్‌లకే హ్యాండిల్ జారుతుంది. గ్లౌజులు వేసుకోమని కొందరు, చాక్ రాసుకోమని కొందరు అంటున్నారు. – ఒక పాఠకురాలు

జవాబు: నా ఓటు చాక్‌కే, అదీ తక్కువగా. జిమ్ చాక్ అంటే మెగ్నీషియం కార్బొనేట్. బ్లాక్‌బోర్డు సుద్ద వేరే పదార్థం, అది ఈ పనికి రాదు. అరచేతికి, వేళ్ల లోపలి వైపు పల్చగా రుద్ది, దులిపేయండి. తెల్లగా పేరుకునేలా రాస్తే చర్మం ఎండి బిగుసుకుని ఇంకా సులువుగా చిరుగుతుంది. సెట్‌కీ సెట్‌కీ మధ్య చెమట తుడుచుకోవడం మరిచిపోకండి. తడి మీద రాసిన చాక్ ముద్దగా మారుతుంది.

గ్లౌజుల మీద నాకు నమ్మకం లేదు. దళసరి గ్లౌజు అరచేతిలో తనే మడత పడుతుంది, చర్మం మడతకు గుడ్డ మడత తోడవుతుంది. పైగా హ్యాండిల్ లావవుతుంది. పోటీ బెల్‌ల హ్యాండిల్ మందం 33 లేదా 35 మిల్లీమీటర్లు ఉంటుంది. చిన్న చేతులకు అదే ఎక్కువ, దాని మీద ఇంకో పొర చేరితే ముంజేయి ముందే అలిసిపోతుంది. తప్పదనుకుంటే పాత కాటన్ సాక్సు పైభాగం నుంచి మూడు వేళ్ల వెడల్పు పట్టీ కత్తిరించి, వేళ్ల మొదళ్ల మీదుగా అరచేతికి తొడుక్కోండి. పల్చగా ఉంటుంది, హ్యాండిల్‌తో పాటు కదులుతుంది. ఉంగరాలు మాత్రం తీసి పక్కన పెట్టాల్సిందే.

ఒకసారి మీ బెల్‌ని కూడా అనుమానించండి. పోత ఇనుము బెల్‌లలో హ్యాండిల్ లోపలి వైపు అచ్చు అతుకు గీత మిగిలిపోతుంటుంది. దూది ఉండ తీసుకుని హ్యాండిల్ చుట్టూ రుద్దండి. దూది పోగు చిక్కుకున్న చోట మీ చర్మమూ చిక్కుకుంటుంది. ఆ గరుకుని సన్న రకం ఎమరీ పేపర్‌తో అరగదీయండి. నున్నటి మెరుపు పెయింట్ ఉన్న హ్యాండిల్ చెమటకు ఎక్కువ జారుతుంది. పోటీ బెల్‌ల హ్యాండిల్‌కి రంగు వెయ్యకుండా ఉక్కుని అలాగే వదిలేసేది చాక్ బాగా పట్టడానికే.

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. 8 కిలోలతో స్వింగ్ చేస్తున్నారు, ఎంతో ఉత్సాహంగా ఉన్నారు. చేతిలో కాయలు కట్టాయి. షేవింగ్ బ్లేడుతో చెక్కుకుంటున్నారు. ఆయనకు షుగర్ ఉంది. ఆపమంటే వినడం లేదు. – ఒక కూతురు

జవాబు: అమ్మా, ఈ రోజే ఆ బ్లేడు తీసేయండి. నాన్నగారికి నా మాటగా చెప్పండి: వ్యాయామం మానక్కర్లేదు, బ్లేడు ఒక్కటి మానండి. షుగర్ ఉన్నవాళ్లలో స్పర్శ తగ్గి ఉండవచ్చు, లోతుగా తెగినా తెలియకపోవచ్చు, గాయం మానడమూ ఆలస్యం కావచ్చు. కాయలను ఎలా చూసుకోవాలో ఆయన తన డాక్టర్‌నే అడగడం మంచిది.

షుగర్ లేనివాళ్లు స్నానం చేశాక, చర్మం మెత్తబడినప్పుడు, పాదాలు రుద్దుకునే ప్యూమిస్ రాయి లాంటిదే చేతికి విడిగా ఒకటి పెట్టుకుని, వారానికి ఒకటి రెండుసార్లు కాయని చుట్టూ ఉన్న చర్మంతో సమానం చేస్తే చాలు. మొత్తం తీసేయకండి, ఆ మందం మనకు అవసరం. ప్రమాదమంతా కాయకు అంచు ఏర్పడినప్పుడే. అంచు గట్టిగా నిలబడుతుంది, పక్క చర్మం మెత్తగా సాగుతుంది, హ్యాండిల్ ఆ అంచునే పట్టుకుని లేపుతుంది. వేలితో తడిమితే అంచు తగలకూడదు. క్రీమ్ రాత్రి పడుకునే ముందు రాసుకోండి, సాధనకు ముందు వద్దు.

ప్రశ్న: ఊపిరి బాగానే ఉంటుంది, కాళ్లలో శక్తి ఉంటుంది, కానీ ముంజేతులు రాళ్లలా బిగిసిపోయి సెట్ మధ్యలో ఆపేయాల్సి వస్తోంది. ఈ మధ్య వేళ్లు మొద్దుబారుతున్నాయి కూడా. పట్టు పెరగడానికి ఏం చెయ్యాలి? – ఒక పాఠకుడు

జవాబు: మీ పట్టు బలహీనమైనదని వెంటనే అనుకోకండి. సెట్ అంతా ఒకే బిగువుతో పట్టుకుంటే కండరానికి రక్తం ఆడదు. స్వింగ్‌లో బెల్ పైకి తేలి క్షణం పాటు బరువు లేనట్టు అనిపించే చోట వేళ్లు సడలించండి, కిందికి దిగేటప్పుడు మళ్లీ కొక్కెం వేయండి. ఆ సడలింపే ముంజేతికి దొరికే విశ్రాంతి.

బలం కూడా కావాలంటే వారానికి రెండు రోజులు చెరో చేత బెల్ పట్టుకుని నిటారుగా నడవండి. ఇంకో రోజు కడ్డీ పట్టుకుని 20 సెకన్ల చొప్పున మూడుసార్లు వేలాడండి. వేళ్లు ముడిచే పనే ఇంత చేస్తున్నాం కాబట్టి తెరిచే పని కూడా ఉండాలి. అయిదు వేళ్లకూ రబ్బరు బ్యాండు తగిలించి, నెమ్మదిగా 20 సార్లు తెరవండి. స్నాయువులు కండరాలంత తొందరగా బలపడవు, అందుకే వారంవారం అంకెలు పెంచకండి. మోచేతి లోపలి ఎముక దగ్గర నొప్పి మొదలైతే వేలాడడం, స్నాచ్ రెండూ తగ్గించాలి.

మొద్దుబారడం వేరే విషయం. దాన్ని పట్టు సమస్యగా చూడకండి. బెల్ భుజం దగ్గర ఆనించినప్పుడు గానీ, తల పైన నిలిపినప్పుడు గానీ మణికట్టు వెనక్కి విరిగి ఉంటోందా? ఒకసారి పక్కనుంచి వీడియో తీసుకోండి. పిడికిలి, ముంజేయి ఒకే గీతలో ఉండాలి. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు మొద్దుబారితే మణికట్టు మధ్యగా పోయే నరం నొక్కుకుంటూ ఉండవచ్చు. చిటికెన వేలు, దాని పక్కది అయితే మోచేయి వెనుక నుంచి వచ్చే ఇంకో నరం. రాత్రి తిమ్మిరితో మెలకువ వస్తున్నా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి, అంతవరకు సాధన ఆపండి. మీ ఉత్తరంలో ఏ వేళ్లో రాయలేదు. చూసుకుని మళ్లీ రాయండి, మీకు తర్వాతి సంచికలోనే జవాబిస్తాను.