గాలి కుడివైపు నుంచి కొడితే...

ప్రశ్న: సముద్రం ఒడ్డున ఫ్లై ఫిషింగ్ (కొక్కేనికి ఈకలు, దారాలు చుట్టి చేసిన ‘ఫ్లై’ అనే తేలికపాటి ఎరను విసిరి చేపలు పట్టడం) ఈమధ్యే మొదలుపెట్టానండీ. మూడు రోజులుగా ఒక్క చేప కూడా తగల్లేదు, పైగా కుడివైపు నుంచి గాలి, విసిరినప్పుడల్లా ఫ్లై నా చెవి పక్క నుంచే దూసుకెళ్తోంది. ఆపేయమంటారా?

జవాబు: ఆపొద్దు, కానీ ఆ విసరడం మాత్రం ఈరోజే మార్చండి. మీది కుడిచేతి వాటమైతే ఆ గాలి కొక్కేన్ని నేరుగా మీ మొహం మీదకే తెస్తుంది, కాబట్టి నీళ్లకు వీపు పెట్టి నిలబడి, ఒడ్డు వైపు ముందుకి విసిరి, వెనక్కి వెళ్లే విసురులో లైన్‌ను నీళ్లమీదకి వదిలేయండి. అప్పుడు ఫ్లై మీకు అవతలి పక్కనుంచి పోతుంది. లైన్‌కీ ఫ్లైకీ మధ్య కట్టే సన్నటి దారం, అదే లీడర్‌ను, 9 అడుగుల నుంచి 7 అడుగులకు తగ్గించండి, దూరం గురించి టెన్షన్ వద్దు. అలలు కలబడేచోట, కాళ్లకు దగ్గర్లోనే చాలాసార్లు చేపలుంటాయి.

ఇక చేప తగలని రోజులు. నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు గంటలకొద్దీ విసిరి భుజం నొప్పి తెచ్చుకునే బదులు, పోటు ఎక్కడం మొదలయ్యేదాకా కూర్చుని పక్షులు ఎక్కడ మునుగుతున్నాయో చూడండి. ఆ ఖాళీలో కొక్కెం మొనను గోరు మీద ఆనించి చూడండి, జారిందంటే మొద్దుబారినట్టే, ఆకురాయి పెట్టాలి.

ఉరుము వినబడితే మాత్రం రాడ్ కింద పెట్టి వెంటనే గోడలూ కప్పూ ఉన్న భవనంలోకో, అద్దాలు మూసిన కారులోకో వెళ్లిపోండి. గ్రాఫైట్ రాడ్‌లో కరెంటు పారుతుంది. ఇంటికొచ్చాక రీల్‌ను మంచినీళ్లతో కడగడం మరవకండి.