ముప్పై మందికి ఒక్కదానివే అన్నావు కదా

బుజ్జీ,

వార్డులో ముప్పై మంది పేషెంట్లు, రాత్రికి నువ్వొక్కదానివే అన్నావు. ఇన్నేళ్లు నర్సుగా చేశాను కాబట్టి ఆ కష్టం నాకు తెలుసు. కానీ అది మామూలే అని మాత్రం నీకు చెప్పను. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో మామూలు ఆసుపత్రి వార్డుకైతే ఐదుగురికి ఒక నర్సు, టీచింగ్ ఆసుపత్రికైతే ముగ్గురికి ఒకరు. ఈ అంకెలు నీ నోటికి రావాలి. లేకపోతే పని అందుకోలేకపోవడం నీ చేతగానితనమే అనుకుంటావు.

డ్యూటీ తీసుకునేటప్పుడు తొందరపడకు. నీకంటే ముందు డ్యూటీ చేసినవాళ్లను వెంటబెట్టుకుని బెడ్డు బెడ్డుకూ తిరిగి హ్యాండోవర్ తీసుకో. ఎవరి బీపీ పడిపోతోందో, ఆపరేషనై వచ్చిందెవరో కళ్లతో చూడు. తర్వాత ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కు ఫోన్ చేసి ఇంకో మనిషి కావాలని అడుగు. 'ఎవరూ లేరమ్మా, సర్దుకో' అంటుంది. ఆమె మాత్రం ఎక్కణ్నించి తెస్తుంది? అయినా నువ్వు అడిగిన టైమూ, ఆమె చెప్పిన జవాబూ రిపోర్టు పుస్తకంలో రాయి. పేషెంట్లు ఎంతమంది, స్టాఫ్ ఎంతమంది, అంతే. కోపం రాయకు. రేపు ఏదైనా జరిగితే ముందు తెరిచేది ఆ పుస్తకమే. పైగా మనం నోరు మూసుకుని సర్దుకున్నన్నాళ్లూ పోస్టులు నింపాల్సిన వాళ్లకు ఖాళీలే కనబడవు.

ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్ డోసు తప్పితే ప్రాణం మీదికొచ్చే మందులు. ఎంత హడావుడిలో ఉన్నా ఈ మూడూ రెండో మనిషికి చూపించకుండా ఇవ్వకు. డ్యూటీ డాక్టర్ని లేపాల్సి వచ్చినా సరే. విసుక్కుంటే విసుక్కోనీ. మందు ఇవ్వకముందే చార్టులో టిక్కు పెట్టేసేవాళ్లు కనిపిస్తారు, ఆ అలవాటు నీకొద్దు. ఆలస్యమైతే ఇచ్చిన టైమే రాయి.

డబుల్ డ్యూటీ ఎప్పుడైనా ఒకసారి తప్పదు. వారం వారం అడిగితే మాత్రం కుదరదని చెప్పు. ఒకరు మానేస్తే ఆ పని మిగిలినవాళ్ల మీద పడుతుంది, కొన్నాళ్లకు వాళ్లూ మానేస్తారు. కొత్త పిల్లలకు దగ్గరుండి నేర్పేవాళ్లే ఉండరు. నీకు జరుగుతున్నది అదే.

జీతం సంగతా? ప్రైవేటు నర్సుల జీతాల సంగతి చూడమని 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నెలకు 20 వేలకు తగ్గకూడదంది. సిఫారసుగా మిగిలింది, అమలు చేసేవాళ్లు తక్కువ.

నర్సు ఉద్యోగానికి జర్మనీ వెళ్తానంటే నేను వద్దనను. మీ అమ్మకు నేను చెప్తాను. కాకపోతే ఏజెంట్లకు లక్షలు పోయకు. టామ్‌కామ్ విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థే, ముందు అక్కడ కనుక్కో. రిజిస్టరైన ఏజెంటు కూడా 30 వేలు, దానిపై జీఎస్టీ తప్ప తీసుకోకూడదు. అన్నిటికంటే ముందు నీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆసుపత్రి వాళ్ల దగ్గరుంటే వెనక్కి అడుగు.

ఆఫ్ దొరికిన రోజు ఇంటికి రా. ఇన్నాళ్లు మానేయనని ఆసుపత్రికి నువ్వు సంతకం పెట్టిచ్చిన బాండు కాగితం కూడా తీసుకురా, ఇద్దరం కూర్చుని చదువుదాం.

పెద్దమ్మ